రుణం ఒక్క రోజు పని, వసూలు వంద రోజుల పని

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. కడపలో మీరు నలుగురు మిత్రులు: ఇద్దరు ముస్లింలు, ఒక పాస్టరుగారి అబ్బాయి, ఒక లెక్చరర్. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు పంపినదీ, మీరు వేసుకున్నదీ కలిపి 15 లక్షలు పోగయ్యాయి. తోపుడుబండి, టైలరింగ్, పంక్చర్ షాపు, మగ్గం వర్క్ లాంటివి చేసుకునే మైనారిటీ చిరు వ్యాపారులకు మనిషికి పది వేల చొప్పున, వడ్డీ లేకుండా ఇవ్వాలని ఉంది. ట్రస్టు పెట్టాలా, సొసైటీ పెట్టాలా, డబ్బు మునిగిపోకుండా ఎలా చూసుకోవాలి అని అడిగారు.

నేను బ్యాంకు ఉద్యోగం మానేసి 2008 నుంచి హైదరాబాద్ పాతబస్తీలో ఒక చిన్న పరపతి సంఘం లెక్కలు చూస్తున్నాను. కడప వేరు, తలాబ్‌కట్ట వేరు, ఒప్పుకుంటాను. కానీ పది వేల అప్పు ఎక్కడైనా పది వేల అప్పే. మీరు ట్రస్టా సొసైటీయా అన్న దగ్గర మొదలుపెట్టారు. నేనైతే అక్కడ మొదలుపెట్టను. ఆ 15 లక్షల వెనకాల రోజూ సందులు తిరిగే మనిషి ఎవరు, ఆ మనిషి జీతం ఎక్కడి నుంచి వస్తుంది? ముందు అది తేల్చుకోండి.

ఎందుకంటే మీ పోటీ బ్యాంకుతో కాదు, డైలీ ఫైనాన్స్ వాడితో. మా వైపు గిరిగిరి అంటారు. పది వేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తాడు. "నూటికి పది రూపాయలేగా" అనుకుంటారు తీసుకున్నవాళ్ళు. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి, సగటున వాళ్ళ చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే ఏడాది లెక్కన 80 శాతం దాకా పడుతుంది. అయినా జనం వాడి దగ్గరికే ఎందుకు వెళ్తారో మొదటి రెండేళ్ళు నాకు అర్థం కాలేదు. తర్వాత ఒక పండ్ల బండి ఆయన చెప్పాడు. "సాబ్, మీరు ఫారం ఇచ్చి వచ్చే సోమవారం కమిటీ అంటారు. నాకు మార్కెట్‌లో సరుకు తెల్లారి నాలుగింటికి కావాలి." గిరిగిరి వాడు బండి దగ్గరికే వచ్చి ఇస్తాడు, బండి దగ్గరికే వచ్చి తీసుకుంటాడు. వాన పడి బేరం లేకపోతే ఒక రోజు వదిలేసి మర్నాడు రెండు కిస్తీలు అడుగుతాడు. వాడి వడ్డీ అన్యాయం, కానీ వాడి పద్ధతి చిరు వ్యాపారి రోజుకు సరిగ్గా సరిపోతుంది. ఆ పద్ధతి నేర్చుకోకుండా వడ్డీ మాత్రం తీసేస్తే, మీ దగ్గర తీసుకున్న డబ్బుతో వాడి బాకీ తీరుస్తారు, మీది ఉండిపోతుంది. మాకు అదే జరిగింది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఒక కలెక్షన్ కుర్రాడికి నెలకు 15,000 జీతం అనుకోండి. షాపు షాపుకూ తిరిగితే రోజుకు 120 మందిని చూడగలడు. నెలకు 25 రోజులు అంటే 3,000 సార్లు. అంటే ఒక్కసారి గడప తొక్కితే మీకు 5 రూపాయల ఖర్చు. వంద కిస్తీల రుణానికి 500 అయింది. పాసుబుక్కు, గది అద్దె, ఫోను అన్నీ కలిపి ఇంకో వంద వేసుకోండి, 600. రుణం పది వేలదైనా, యాభై వేలదైనా ఈ ఖర్చు ఇంతే. అందుకే బ్యాంకు చిన్న రుణం వైపు చూడదు. దాని వెనుక దురుద్దేశం ఉన్నా లేకపోయినా లెక్క మాత్రం ఇదే.

ఈ ఆరొందలు సర్వీస్ చార్జీగా పెట్టారనుకుందాం. ఖర్చు మాత్రమే తీసుకుంటున్నాం, లాభం లేదు, కాబట్టి వడ్డీ కాదు. ధర్మపరంగా పెద్దలు ఒప్పుకుంటారు. కానీ సగటున చేతిలో ఉండే ఐదు వేల మీద నాలుగు నెలలకు ఆరొందలంటే, ఏడాదికి 36 శాతం! వడ్డీ లేని సంఘం అని బోర్డు పెట్టుకుని ఒక రాత్రి ఈ లెక్క వేసి చూసుకున్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు కమిటీలో చెబితే ఒక పెద్దాయన "అయితే చార్జీ తీసేద్దాం" అన్నారు. తీసేశాం కూడా. ఎనిమిది నెలల్లో మూలధనం లోంచి జీతాలు ఇస్తున్నాం అని తేలింది. దాతల డబ్బు అలా కరిగిపోవడం కన్నా ఆరొందలు తీసుకోవడమే నయం అనిపించింది. కానీ రెండూ తప్పే.

మేం చివరికి చేసిందేమిటంటే, గడప తొక్కడం తగ్గించాం. ప్రతి సందుకూ ఒక చోటు పెట్టుకున్నాం. ఒక చోట చాయ్ హోటల్, ఒక చోట కిరాణా కొట్టు, గాజులు చేసే గల్లీలో ఒక ఆపా (అక్క) ఇల్లు. ఆ చోటుకు కుర్రాడు రోజూ ఒకే టైముకు వస్తాడు, పదిహేను ఇరవై మంది అక్కడికే వచ్చి కట్టి పోతారు. అలా ఒకే కుర్రాడు 300 మందిని చూడగలిగాడు. ఐదు రూపాయల ఖర్చు రెండు రూపాయలైంది. పుస్తకాలకు యాభై కలిపి చార్జీ 250కి దిగింది. గది అద్దె ఒక దాత నెలనెలా ఇస్తున్నారు. మూడోసారి రుణం తీసుకునే నమ్మకస్తులకు వారం కిస్తీ పెట్టాం, వాళ్ళకు చార్జీ వందే. మొదటిసారి వాళ్ళకు మాత్రం వారం కిస్తీ పెట్టకండి. చార్జీ తగ్గుతుంది నిజమే, కానీ ఏడు రోజుల డబ్బు ఆ ఇంట్లో నిలవదు. చుట్టం వస్తాడు, పిల్లాడికి జ్వరం వస్తుంది, గ్యాస్ అయిపోతుంది.

చిన్న మాట ఇంకొకటి. చార్జీని ఎప్పుడూ రుణంలోంచి పట్టుకుని ఇవ్వకండి. పది వేలూ చేతిలో పెట్టి, తర్వాత రశీదు రాసి చార్జీ విడిగా తీసుకోండి. గిరిగిరి వాడు పట్టుకుని ఇస్తాడు. అదే మీరూ చేస్తే ఆ సందులో మీరిద్దరూ ఒకటే.

వసూలు శాతం గురించి. "మాది 97 శాతం రికవరీ" అని చాలామంది గొప్పగా చెప్తారు, నేనూ చెప్పేవాణ్ణి. మీ 15 లక్షలతో చూద్దాం. నాలుగు నెలల రుణం సగటున రెండు నెలల్లో తిరిగొస్తుంది. వచ్చింది వచ్చినట్టు మళ్ళీ ఇస్తూ పోతే ఏడాదికి ఆరు చుట్లు, అంటే 90 లక్షలు పంచినట్టు. అందులో 3 శాతం అంటే 2 లక్షల 70 వేలు! ఐదారేళ్ళలో మీ నిధి మొత్తం ఆవిరి. చిన్న గడువు రుణాల్లో 97 అంటే ఫెయిల్ మార్కు. నేను ఇప్పుడు ఆ శాతం చూడను. ప్రతి శనివారం ఒకటే అడుగుతాను: 30 రోజులు దాటి ఒక్క కిస్తీ కూడా కట్టనివాళ్ళు ఎందరు, వాళ్ళ దగ్గర మిగిలిన అసలు మొత్తం ఎంత? పేర్లతో సహా చదవాలి. పాత బాకీ తీర్చడానికి కొత్త రుణం ఇచ్చి పుస్తకం శుభ్రం చేసే అలవాటు ఎక్కడైనా మొదలైతే ఆ శనివారమే బయటపడుతుంది.

కాబట్టి 15 లక్షలూ ఒకేసారి వదలకండి. ఒక కుర్రాడు, 120 మంది, ఒక లైను (అంటే కుర్రాడు రోజూ వసూలుకు తిరిగే దారి). సగటు బాకీ ఐదు వేలు కాబట్టి దీనికి 6 లక్షలు చాలు. మిగతా 9 లక్షలు బ్యాంకులో ఉంచి, ఆ సంగతి ఎవరికీ చెప్పకండి. డబ్బుందని తెలిస్తే కమిటీ సభ్యుల చుట్టాలు వరస కడతారు. అన్నట్టు, కమిటీ వాళ్ళకూ వాళ్ళ ఇళ్ళవాళ్ళకూ రుణం ఉండదని మొదటి రోజే రాసుకోండి. తర్వాత రాయడం కష్టం.

ఎవరికి ఇవ్వాలి? నేను కాగితాల కన్నా సరుకు చూస్తాను. ఉదయం ఏడింటికోసారి, సాయంత్రం ఏడింటికోసారి బండి దగ్గర నిలబడితే రోజు బేరం ఎంతో తెలిసిపోతుంది. ఇప్పుడు అందరి దగ్గరా క్యూఆర్ కోడ్ ఉంది కాబట్టి మూడు నెలల ఫోన్‌పే స్టేట్‌మెంట్ అడగొచ్చు. అయితే అందులో దుబాయ్ తమ్ముడి డబ్బు వచ్చి పడిన ఖాతాలోంచి ఇంట్లోవాళ్ళు పంపినది కూడా కలిసి ఉంటుంది, పెద్ద అంకెలు తీసేసి చూడండి. డైలీ ఫైనాన్స్ బాకీ ఎంత ఉందో నేరుగా అడగండి. "లేదు" అనేవాళ్ళను నేను నమ్మను. "రెండున్నాయి, ఒకటి ఇరవై రోజుల్లో అయిపోతుంది" అని చెప్పినవాళ్ళకు అది అయ్యాక ఇస్తాను.

గడువు విషయంలో సీజన్ మీ చేతిలో ఉండాలి. లాడ్ బజార్ గాజుల వ్యాపారి రంజాన్‌కు ముందు నెల, షాబాన్‌లో సరుకు ఎత్తుతాడు. అతనికి అప్పుడు ముప్పై వేలు కావాలి, మిగతా ఏడాది ఐదు వేలు చాలు. చాంద్ రాత్ (ఈద్ ముందు రాత్రి) దాకా గల్లా నిండుతుంది. ఈద్ అయిన మూడో రోజుకల్లా మీ అసలు వెనక్కి రాకపోతే అది ఇంటి రిపేరుకో, కూతురి పెళ్ళికో వెళ్ళిపోతుంది. మీ వైపు క్రిస్మస్ ముందు టైలర్లకు, జూన్‌లో బడులు తెరిచేటప్పుడు యూనిఫాం కుట్టేవాళ్ళకు ఇదే లెక్క. దర్గా దగ్గర పూలు, చాదర్లు అమ్మేవాళ్ళకు ఉరుసు.

సీజన్‌ను నమ్ముకోవడంలో ప్రమాదమూ ఉంది. 2020లో ఫిబ్రవరి, మార్చిల్లో రంజాన్ సరుకు కోసం మేం మామూలుకంటే ఎక్కువే ఇచ్చాం. మార్చి ఆఖరుకు లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏడు రంజాన్ నెలంతా షట్టర్లు మూసే ఉన్నాయి. గాజులు డబ్బాల్లోనే ఉండిపోయాయి. మేం కిస్తీలు ఆపేశాం, చార్జీ వేయలేదు. కానీ ఒక పని మానలేదు. కుర్రాడు వారానికోసారి అందరికీ ఫోన్ చేసేవాడు. బాకీ అడగడానికి కాదు, బియ్యం ఉన్నాయా అని. షాపులు తెరిచాక పద్నాలుగు నెలలు పట్టింది గానీ, చనిపోయిన ఇద్దరివి, ఊరు వదిలి వెళ్ళిపోయిన నలుగురివి తప్ప అన్నీ వచ్చాయి. అందుకే ఇప్పుడు సీజన్ రుణాలు మొత్తం నిధిలో మూడో వంతు దాటనివ్వం.

జామీను (హామీ) ఇద్దరు ఉండాలి, ఇద్దరూ అదే సందు వాళ్ళయి ఉండాలి. నువ్వు నాకు, నేను నీకు అని ఒకరికొకరు జామీను ఉండనివ్వకండి, ఒకడు జారితే ఇద్దరూ జారతారు. ఖాళీ చెక్కులు తీసుకోవద్దు. పది వేల కోసం చెక్ బౌన్స్ కేసు వేస్తే వకీలు ఫీజుకే అంతకంటే ఎక్కువవుతుంది, పైగా ఆ సందులో మీ మొహం చూసేవాళ్ళుండరు.

ఆడవాళ్ళ పేరున ఇచ్చే రుణాల గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. ఆడవాళ్ళు బాగా కడతారు, నిజం. కానీ మా పుస్తకంలో టైలరింగ్ అని రాసుకున్న రుణాల్లో కొన్ని భర్త ఆటో కిస్తీకి వెళ్ళాయి. కట్టింది మాత్రం ఆమే, పూసలు కుట్టిన కూలి లోంచి. ఇంటికి వెళ్ళి మిషను చూసి, ఎవరికి కుట్టి ఇస్తున్నారో అడిగి ఇవ్వండి. భర్తకు కావాలంటే భర్త పేరునే రాయండి. అప్పు ఎవరిదో పుస్తకంలో సరిగ్గా ఉండాలి.

ఇక కుర్రాడు. నిజాయితీ గలవాడు దొరికాడు కదా అని చెకింగ్ మానేయకండి. మా దగ్గర ఆరేళ్ళు చేసిన ఒకతను తల్లి ఆపరేషన్‌కు లైను డబ్బు వాడుకున్నాడు. తిరిగి వేద్దామనే అనుకున్నాడు. పాసుబుక్కులో సంతకం పెట్టాడు, రిజిస్టరులో ఎక్కించలేదు. నలభై మంది దగ్గర మూడు వారాల కిస్తీలు. తప్పు అతనిదెంతో మాదీ అంతే, ఎందుకంటే ఏడాదిగా మాలో ఎవరం లైనుకు వెళ్ళలేదు. ఇప్పుడు కోశాధికారి నెలకు రెండుసార్లు, చెప్పకుండా, ఒక పది పాసుబుక్కులు పట్టి చూస్తారు. యూపీఐలో కట్టేవాళ్ళు సంఘం ఖాతాకే కట్టాలి, కుర్రాడి నంబరుకు కాదు. ఉద్యోగులకు అవసరం వస్తే అడ్వాన్సు ఇవ్వడానికి విడిగా కొంత పెట్టాం. అది ముందే ఉండి ఉంటే అతను ఇంకా మా దగ్గరే ఉండేవాడు.

"మైనారిటీలకు మాత్రమే" అన్న మాట మీద మీ నలుగురిలో వాదన జరిగిందన్నారు. మైనారిటీలకు ప్రత్యేకంగా ఎందుకు అనేవాళ్ళకు జవాబు ఉంది. ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006 నివేదికలోనే ఉంది, కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను 'నెగటివ్ జోన్లు'గా గుర్తించి పక్కన పెట్టాయని. ఆ అడ్రసు చూసి ఫారం పక్కన పెట్టడం నేను బ్యాంకులో ఉండగా కళ్ళారా చూశాను. అయినా నియమావళిలో మతం రాయకండి, ప్రాంతం రాయండి. ఫలానా వార్డులు, ఫలానా సందులు అని. అక్కడ ఎక్కువమంది మైనారిటీలే కాబట్టి డబ్బు వాళ్ళకే చేరుతుంది. అదే సందులో పూలమ్మే హిందూ ఆవిడను పక్కన పెడితే ఆమె రేపు జామీనుకు రాదు, మీ కుర్రాడి గురించి మంచి మాటా చెప్పదు.

ఇంకో సంగతి, సర్టిఫికెట్లు మనుషులకు సరిపోవు. ఎస్సీల నుంచి క్రైస్తవం తీసుకున్నవాళ్ళు కాగితం మీద బీసీ-సీ. కానీ చాలామంది చర్చికి వెళ్తూనే ఎస్సీ సర్టిఫికెట్ ఉంచుకుంటారు, కాబట్టి క్రైస్తవులమని ఎక్కడా రాయించుకోరు. దూదేకులవాళ్ళు బీసీ-బి, కొందరి పేర్లు చూస్తే ఏ మతమో తెలియదు. మీరు సర్టిఫికెట్ అడిగితే, అవసరం ఎక్కువున్నవాళ్ళే ముందు వెనక్కి పోతారు.

చట్టం సంగతి క్లుప్తంగా. రుణాలిచ్చే పనికి ట్రస్టు కన్నా 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘం నయం. వేర్వేరు కుటుంబాల వాళ్ళు కనీసం పదిమంది కావాలి, ప్రభుత్వ వాటా ఉండదు, సభ్యులకే రుణం, సభ్యుల దగ్గరే పొదుపు. సభ్యులు కానివాళ్ళ దగ్గర డిపాజిట్ తీసుకుంటే 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం మెడకు చుట్టుకుంటుంది. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ వచ్చి, 2011లో చట్టమైంది కదా, దాని నిర్వచనం చాలా విశాలమైనది. మీ సంఘానికి వర్తిస్తుందా లేదా అన్నది వకీలుకు ముందే చూపించుకోండి. ఆ రోజుల్లో పెద్ద కంపెనీల మీద కోపంతో జనం మాకూ కట్టడం మానేశారు. మేం వేరు అని చెప్పడానికి మా దగ్గర రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే మిగిలింది. గల్ఫ్ డబ్బు విషయంలో కూడా జాగ్రత్త. భారత పౌరుడు తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బావమరిది పంపితే వస్తుంది.

ప్రభుత్వ పథకాలను పోటీ అనుకోకండి. వీధి వ్యాపారులకు 2020 నుంచి పీఎం స్వనిధి ఉంది, ఇప్పుడు మొదటి విడత 15,000, తర్వాత 25,000, ఆ తర్వాత 50,000. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర రుణాల్లో 'శిశు' అనే మొదటి మెట్టు కింద 50,000 దాకా పూచీకత్తు లేకుండా ఇస్తారు. ఉద్యమ్ అసిస్ట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో చిన్న వ్యాపారికి కూడా ఉచితంగా నమోదు ఉంది. నమోదైతే ఆ రుణం బ్యాంకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన ప్రాధాన్యతా రంగం రుణాల లెక్కలోకి వస్తుంది, మేనేజరుకు కూడా అది కావాలి. చిక్కల్లా, మా సంఘంలో పదిసార్లు సక్రమంగా కట్టినా ఆ చరిత్ర బ్యాంకులు చూసే సిబిల్ రుణ రికార్డులో కనిపించదు. అందుకని రెండు రుణాలు తీర్చినవాళ్ళ పాసుబుక్కు నకళ్ళు పట్టుకుని నేనే వాళ్ళతో బ్యాంకుకు వెళ్తాను. పది మందిని తీసుకెళ్తే ముగ్గురికి వస్తుంది. ఆ ముగ్గురూ మా దగ్గర నుంచి వెళ్ళిపోతారు, వాళ్ళ చోటు కొత్తవాళ్ళకు వస్తుంది. సబ్సిడీ పథకాల వదంతి మాత్రం మీ కిస్తీలను ఆపేస్తుంది. "అదీ మాఫీ అవుతుందట" అని ఎన్నికల ఏడాదిలో తప్పకుండా వినిపిస్తుంది. అప్పుడు మీ నలుగురూ లైనులో కనిపించాలి.

చివరిగా, మొదలు ఎక్కడ పెట్టాలంటే, మొదటి నెల ఎవరికీ రుణం ఇవ్వకండి. సంఘం రిజిస్టరై, ఆ 120 మందిని సభ్యులుగా చేర్చుకున్నాక, రోజుకు 20 రూపాయల పొదుపు మాత్రం వసూలు చేయండి. ఇదేం కొత్త కాదు, 1928లోనే సిండికేట్ బ్యాంకు వాళ్ళు ఉడుపి వైపు ఇంటింటికీ తిరిగి రోజుకు రెండణాలు వసూలు చేశారు, పిగ్మీ డిపాజిట్ అంటే అదే. ఆ నెలలో కుర్రాడికి సందులు అలవాటవుతాయి, ఎవరు ఏ టైముకు చేతిలో డబ్బుతో ఉంటారో తెలుస్తుంది, చాయ్ హోటల్ ఆయన చోటిస్తాడో లేదో తేలుతుంది. మీలో ఒకరు కూడా వారానికి రెండు రోజులు కుర్రాడితో నడవండి. నెలాఖరున రిజిస్టరు తెరిచి, 25 రోజుల్లో 20 రోజులు కట్టినవాళ్ళ పేర్ల కింద గీత గీయండి. మొదటి పది వేలు వాళ్ళకు.